వినబడును గాని కనబడదు
(తలిదండ్రుల, పూర్వవిద్యార్థుల సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ సభలో మా వంతు వచ్చినప్పుడు మాతృభాషను గూర్చియో, క్రమశిక్షణను గూర్చియో నాలుగు మాటలు మనవి చేయుట ఆచారము. ఈ యేడు వానికి బదులుగా ఇంటి కంప్యూటరులో వీడియోలు సరిగా ఆడకపోవుటను గూర్చి ప్రసంగింతుమని కార్యదర్శిగారితో చెప్పగా వారు మొదట నవ్విరి. పిమ్మట జరిగిన సంగతి విని "అదే చెప్పండి" అనిరి. కావున ఆ సంగతితోనే ఆరంభించుచున్నాము.

గడచిన దీపావళి సెలవులలో ఎనిమిది, తొమ్మిది తరగతుల వారికి ఒక పని అప్పగించితిమి. ఎవరి ఇంటి పెద్దలను వారు సెల్‌ఫోనులో వీడియో తీసి తేవలయును. పాటయో, కథయో, సామెతయో, పెండ్లి ముచ్చటయో, సేద్యపు మాటయో, ఏదైనను సరియే. మన పూర్వులు ఈ తమిళదేశమునకు ఏ కాలమున వచ్చిరో మనలో పెక్కుమందికి తెలియదు. వారు వెంట తెచ్చుకొన్న తెలుగు మాత్రము ఇంకను మన పెద్దల నాలుకపై నిలిచియున్నది. అది అచ్చుపుస్తకముల తెలుగు కాదు. అందలి మాటలు కొన్ని ఏ నిఘంటువున వెదకినను దొరకవు. ఆ పెద్దలతోనే అవి పోవును.

పిల్లలు ఉత్సాహముతో ఇరువదికి పైగా వీడియోలు తెచ్చిరి. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె తన ముత్తవ్వ పాడిన తిరుగటి పాటలను పదునాలుగు నిమిషములు పట్టి తెచ్చినది. అన్నిటిని పాఠశాల కంప్యూటరులోనికి ఎక్కించి, ఒక పెన్‌డ్రైవులో మరియొక ప్రతి ఉంచితిమి. కార్తీకమాసమున ఆ ముత్తవ్వ పరమపదించెను. పెద్దకర్మకు రెండు దినములు ముందుగా బాలిక తండ్రి మా గదికి వచ్చి, "అయ్యవారూ, ఫోనులో చోటు చాలక ఆ వీడియో తీసేసినాము. బడిలో ఇచ్చింది ఉంది గదా, ఒక్కసారి చూపించండి" అని అడిగెను. వెంట ఆయన తల్లి, చెల్లెలు, పిల్లలు వచ్చియుండిరి. ఫైలు తెరచితిమి. అవ్వ గొంతు గదియంతయు మ్రోగెను. తెర మాత్రము నల్లగా నుండెను. ఎన్ని పర్యాయములు తెరచినను అంతే.

ఆ తొందరలో మేమొక తప్పు చేసితిమి. అంతర్జాలమున వెదకగా ఒక తావున "మీ యంత్రమునకు కోడెక్ లేదు, ఇచ్చట నొక్కుడు" అను ప్రకటన కనబడెను. మా యువోపాధ్యాయుడు సందేహించినను మేమే నొక్కుమంటిమి. చిత్రము రాలేదు సరిగదా, మరునాటికి ఆ కంప్యూటరు నిండ అడుగని ప్రకటనలు, తెలియని ప్రోగ్రాములు. తుదకు అంతయు తుడిచి మరల మొదటినుండి ఎక్కించవలసివచ్చెను. పెన్‌డ్రైవు విడిగా నుండుటచేత పిల్లల శ్రమ దక్కినది. ఆ తప్పు పూర్తిగా మాదే. దానినుండి నేర్చుకొన్నది మీకు పంచుట మా ధర్మమని తలంచి నేడు నిలుచుంటిమి. మేము కంప్యూటరు శాస్త్రజ్ఞులము కాము. అవసరము వచ్చి కొంత చదివి, కొంత చేసి తెలిసికొన్నవారము.

మొదట కోడెక్ అననేమో చూతము. సెల్‌ఫోను తీసిన చిత్రము సాధారణముగా అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గలది. అనగా ఒక్క చిత్రమునకు 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగునకు మూడు బైట్లు చొప్పున, సెకనుకు ముప్పది చిత్రములు యథాతథముగా దాచినచో సెకనుకు 18 కోట్ల 66 లక్షల బైట్లు కావలయును. పదునాలుగు నిమిషముల పాటకు 156 గిగాబైట్లు! పెక్కు ఫోనులలో అంత చోటుండదు. అయినను ఆ బాలిక తెచ్చిన ఫైలు ఒక గిగాబైటునకు లోపే. ఇది యెట్లు సాధ్యమైనది?

వీధినాటకమును తలచుకొనుడు. వెనుక తెర కదలదు, దీపపు స్తంభము కదలదు. వేషగాని చేతులు, ముఖము మాత్రమే కదలును. కావున ప్రతి చిత్రమును సాంతముగా వ్రాయ నక్కరలేదు. ఒక చిత్రమును పూర్తిగా వ్రాసి, తరువాతివానిలో మారిన భాగములను మాత్రమే గుర్తించిన చాలును. కొంతసేపటికి మరల ఒక పూర్ణచిత్రము, మరల మార్పులు. కంటికి పట్టని సూక్ష్మభేదములను వదలివేయుట మరియొక ఉపాయము. ఈ విధముగా కుదించి వ్రాయు పద్ధతియు, వ్రాసినదానిని విప్పి చదువు పద్ధతియు కలిసి కోడెక్ అనబడును.

మన పెద్దలలో సంక్షిప్తలిపి నేర్చి కచేరీలలో పనిచేసినవారు కలరు. వారికి ఇది సులభముగా బోధపడును. 1837 లో వెలువడిన పిట్‌మన్ పద్ధతి వేరు, 1888 లో వెలువడిన గ్రెగ్ పద్ధతి వేరు. ఒకదానిలో వ్రాసిన కాగితము రెండవది మాత్రమే నేర్చినవానికి గీతల గజిబిజి. కాగితమున దోషము లేదు, వ్రాతయందు దోషము లేదు. చదువరికి ఆ పద్ధతి రాదు. వీడియోలలోను ఇట్టి పద్ధతులు అనేకము. వి.సి.డి.లకు వాడిన ఎంపెగ్-1 1993 నాటిది. తరువాత డి.వి.డి.లకు ఎంపెగ్-2. 2003 లో హెచ్.264 వచ్చి లోకమంతట వ్యాపించినది. 2013 లో హెచ్.265 వచ్చినది, దీనికే హెచ్.ఇ.వి.సి. అని పేరు. ఇంచుమించు అంతే స్పష్టతను సుమారు సగము చోటులో ఇముడ్చును. 2018 లో ఏ.వి.1 వచ్చినది.

ఇచ్చట ఒక భ్రాంతి కలుగును. ఫైలు పేరు చివర ఎం.పి.4 అనియో, ఎం.కె.వి. అనియో, ఏ.వి.ఐ. అనియో ఉండును. అది కోడెక్ పేరు కాదు, పెట్టె పేరు. పెట్టెలో చిత్రము ఒక పద్ధతిలో, శబ్దము మరియొక పద్ధతిలో వ్రాయబడి వేరువేరు కట్టలుగా నుండును. ఒకే విధమైన ఎం.పి.4 పెట్టెలో హెచ్.264 ఉండవచ్చును, హెచ్.265 ఉండవచ్చును. కావుననే నిన్న ఒక ఎం.పి.4 ఆడినది, నేడు మరియొకటి ఆడలేదు. పేరు చివరి అక్షరములను మార్చి వ్రాసినందున లోపలి వ్రాత మారదు.

ఇప్పుడు అవ్వ కనబడకపోవుటకు కారణము తెలియుచున్నది. శబ్దము సామాన్య పద్ధతిలో నున్నది, కంప్యూటరు చదివినది. చిత్రము హెచ్.265 లో నున్నది, ఆ యంత్రములోని ఆటగానికి అది రాదు. ఐఫోనులు 2017 నుండి ఈ పద్ధతిలో వీడియో తీయుచున్నవి. ఆండ్రాయిడు ఫోనులలో పెక్కింట ఈ ఏర్పాటు కలదు. ఈ పద్ధతికి పేటెంటు హక్కుదారులు పలువురు. వారికి రుసుము చెల్లింపవలసి యుండుటచేత అన్ని కంప్యూటరులలో దానిని ఉచితముగా చేర్చరు. ఫైలు చెడలేదు. అవ్వ అందులోనే యున్నది.

ఇక చికిత్స. వైద్యుడు నాడి చూడక మందీయడు. మీరును ఈ క్రమము తప్పకుడు.

మొదటిది: ఉన్న ఒక్క ప్రతిపై ఏ ప్రయోగమును చేయకుడు. వేరొక ప్రతి చేసి, రెండింటి పరిమాణము సమానముగా నున్నదో లేదో చూడుడు. పెన్‌డ్రైవును యంత్రమునకు చెప్పకయే ఊడబెరికినచో ప్రతి సగములో ఆగిపోవును. నాలుగు గిగాబైట్లకు మించిన ఫైలును ఫ్యాట్-32 పద్ధతి గల పెన్‌డ్రైవు స్వీకరింపదు. అట్టిదానిని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చవలయును. మార్చునప్పుడు అందున్నదంతయు చెరిగిపోవునని మరువరాదు.

రెండవది: వి.ఎల్.సి. అను ఉచితమైన ఆటగానితో తెరచి చూడుడు. దీని పుట్టుక విద్యార్థులకు తెలియదగినది. 1996 లో ఫ్రాన్సుదేశమున ఎకోల్ సెంట్రల్ పారిస్ విద్యాలయపు విద్యార్థులు తమ వసతిగృహములకు వీడియో పంపుటకై ఆరంభించిన పనియే ఇది. 2001 లో దాని మూలమును లోకమునకెల్ల స్వేచ్ఛగా విడిచిరి. దాదాపు అన్ని పద్ధతులను చదువు నేర్పు తనలోనే కలిగియుండుటచేత వేరుగా కోడెక్‌లు తెచ్చుకొన నక్కరలేదు. దీనిని వీడియోల్యాన్ సంస్థవారి స్వంత తావునుండియే తెచ్చుకొనవలయును. మేము నొక్కినటువంటి ప్రకటనలను నమ్మరాదు. కోడెక్ అను పేరుతో దొంగ ప్రోగ్రాములను అంటగట్టుట చాల కాలముగా నున్న మోసము.

ఇందులో ఆడినచో ఫైలునకు రోగము లేదని నిశ్చయము. మేమును మరియొక యంత్రమున దీనినే యుంచి తెరచితిమి. అవ్వ కనబడెను. తిరుగలి ముందర కూర్చుండి, చేతితో పిడి త్రిప్పుచు, కెమెరాను లక్ష్యపెట్టక పాడుచుండెను. ఆమె కుమార్తె తెర దగ్గరకు పోయి నిలువబడినది. ఎవరును మాట్లాడలేదు. పదునాలుగు నిమిషములు గడచిన పిమ్మట "ఇంకొక్కసారి వేయండి" అనినది.

మూడవది: లక్షణమును బట్టి కారణము వెదకుడు. వి.ఎల్.సి.లో టూల్స్ అను పట్టికయందు కోడెక్ ఇన్ఫర్మేషన్ అనునది తెరచినచో చిత్రము ఏ పద్ధతిలో, శబ్దము ఏ పద్ధతిలో వ్రాయబడినదో, చుక్కలెన్నో, సెకనుకు చిత్రములెన్నో కనబడును. ఊహించుటకంటె చదువుట మేలు.

శబ్దము ఉండి చిత్రము లేకున్న, చిత్రపు కోడెక్ లేదన్నమాట, పైన చెప్పినదే. చిత్రము ఉండి శబ్దము లేకున్న, శబ్దపు కట్టను చూడవలయును. డి.వి.డి.ల నుండి తీసిన ఫైళ్ళలో ఏ.సి.-3 అను డాల్బీ పద్ధతి తరచుగా నుండును. అది రాని ఆటగాడు మూగవోవును. వి.ఎల్.సి. దానిని చదువును.

చిత్రము ఆగి ఆగి నడచుచు, మాట ముందు, పెదవి వెనుక అగుచున్నచో యంత్రపు శక్తి చాలలేదని గ్రహింపవలయును. ఎక్కువగా కుదించిన వ్రాతను విప్పుటకు ఎక్కువ లెక్క చేయవలసియుండును. ఇంటెల్ వారి ప్రాసెసర్లలో 2015 నాటి ఆరవ తరము మొదలుకొని హెచ్.265 ను విప్పుటకే ప్రత్యేక విభాగము చిప్పునందు అమర్చబడినది. అంతకు పూర్వపు యంత్రములు సామాన్య విభాగముతోనే ఆ పని చేయవలయును. అట్టి యంత్రమున 4కె చిత్రము నడవలేదని నిందించుట ముసలి ఎద్దును పందెమునకు కట్టి కొట్టుట వంటిది. చూచుటకు మాత్రము హెచ్.264 లో చిన్న ప్రతి చేసికొనవలయును.

చిత్రము పచ్చగనో, గులాబిరంగుననో, ముక్కలు ముక్కలుగనో కనబడినచో పెక్కుసార్లు ఆ ప్రత్యేక విభాగమునకును, దానిని నడపు డ్రైవరునకును పొత్తు కుదరలేదని అర్థము. వి.ఎల్.సి.లో టూల్స్, ప్రిఫరెన్సెస్, ఇన్‌పుట్ కోడెక్స్ అను వరుసలో పోయి హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్ అనుదానిని డిసేబుల్ చేసి, భద్రపరచి, ఫైలును మరల తెరచి చూడుడు. రంగులు సరియైనచో దోషము డ్రైవరుదే. కంప్యూటరు చేసినవారి తావునుండి క్రొత్త డ్రైవరు తెచ్చి వేయవలయును. అన్ని యంత్రములలోను ఒకే చోట చిత్రము చెదరి, కొన్ని క్షణములకు తనంతట బాగుపడినచో, ఆ చోట ఫైలు దెబ్బతిన్నది. మొదట చెప్పిన పూర్ణచిత్రమొకటి పాడైనందున దానిపై ఆధారపడిన మార్పులన్నియు చెదరును. తరువాతి పూర్ణచిత్రము రాగానే మరల కుదురుకొనును.

మన సంఘమువారి పాత వార్షికోత్సవముల వి.సి.డి.లు బీరువాలో కలవు. వానిలో ఎంపెగ్‌ఏవీ అను అరలోని డాట్ ఫైళ్ళే వీడియోలు, వి.ఎల్.సి.తో తెరచుకొనును. డి.వి.డి.ల చిత్రములో కదలిక కలిగినచోట దువ్వెన పండ్లవలె గీతలు కనబడినచో భయపడకుడు. అది పాత టెలివిజను పద్ధతి. డి అక్షరపు మీట నొక్కినచో గీతలు సర్దుకొనును.

అసలు తెరచుకొననే తెరచుకొనని ఫైలు ఒకటి మాకు వచ్చినది. మన పాఠశాల మొదటి తరగతుల కాలమున చదివిన వృద్ధుడొకరు ఆనాటి సంగతులు చెప్పుచుండగా ఫోనులో బ్యాటరీ అయిపోయినది. ఫైలు పరిమాణము పెద్దదే, కాని ఏ ఆటగాడును దానిని అంగీకరింపలేదు. కారణమేమనగా, ఎం.పి.4 పెట్టెలో ఏ చిత్రము ఎచ్చట నున్నదో తెలుపు విషయసూచిక సాధారణముగా చిత్రీకరణ ముగిసిన పిమ్మటనే వ్రాయబడును. మధ్యలో ప్రాణము పోయినచో పుస్తకమున్నది, సూచిక లేదు. అన్‌ట్రంక్ అను ఉచిత ప్రోగ్రాము ఇట్టి ఫైళ్ళకై ఏర్పడినది. అదే ఫోనుతో, అదే ఏర్పాట్లతో తీసిన మంచి వీడియో ఒకటి చూపినచో, దానిని నమూనాగా గైకొని పోయిన సూచికను మరల కూర్చ యత్నించును. మా మనుమడొకడు కూర్చుండి చేయగా చివరి కొద్ది నిమిషములు తప్ప తక్కినది దక్కినది. ప్రతిసారియు దక్కునని చెప్పజాలము.

నాలుగవది, మార్చుటను గూర్చి. పెట్టె మార్చుట వేరు, వ్రాత మార్చుట వేరు. పెట్టె మార్చినచో లోపలి కట్టలు చెక్కుచెదరవు, క్షణములలో ముగియును. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అను సాధనము ఈ పని చేయును. వ్రాత మార్చుట యనగా విప్పి మరల కుదించుట. ప్రతిసారి కొంత స్పష్టత నశించును, నశించినది తిరిగిరాదు. హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత ప్రోగ్రాముతో హెచ్.264 లోనికి మార్చునప్పుడు ఆర్.ఎఫ్. అను నాణ్యతాసంఖ్యను 18 నుండి 22 వరకు ఉంచిన మంచి ఫలితము కలుగును. సంఖ్య తగ్గినకొలది స్పష్టతయు పరిమాణమును పెరుగును.

ఇచ్చట ఒక విచారకరమైన సంగతి చెప్పక తప్పదు. మన వారిలోనే ఒకరు తమ తండ్రిగారి వీడియో ఆడలేదని వ్రాత మార్చిరి. మార్చునప్పుడు చాల చిన్నదిగా చేసిరి. అది ఆడినదిగదా యని మూలమును తుడిచివేసిరి. నేడు ఆ వీడియోలో గొంతు వినబడుచున్నది, కాని ముఖము నీటిలోని నీడవలె నున్నది. ఏ యంత్రమును ఇక దానిని బాగుచేయజాలదు. ఆడని ఫైలు నేడు ఆడదు, అంతియే, రేపు ఆడవచ్చును. తుడిచిన ఫైలు ఏనాడును ఆడదు. ఈ ఒక్క మాట ఇంటికి తీసికొనిపోయిన మా ప్రసంగము సఫలమైనట్లే.

కావున ఇకమీదట మన పిల్లలకు ఈ నియమములు పెట్టుచున్నాము. ఐఫోను గలవారు సెట్టింగులలో కెమెరా, ఫార్మాట్స్ అనుచోట మోస్ట్ కంపాటిబుల్ అని ఎంచుకొనుడు; అప్పుడది హెచ్.264 లో తీయును. తక్కిన ఫోనులలో కెమెరా ఏర్పాట్లయందు హెచ్.ఇ.వి.సి. అను మాట కనబడినచో ఆపివేయుడు. చిత్రీకరణకు ముందు బ్యాటరీని, చోటును చూచుకొనుడు. వాట్సాపున వీడియోగా పంపినచో అది మరల కుదించివేయును. డాక్యుమెంటుగా పంపుడు, లేదా ఫోనునే బడికి తెండు. మూలమును రెండు వేరువేరు చోట్ల ఉంచుడు, చూచుటకు వేరొక ప్రతి చేసికొనుడు. ఫైలునకు మాటలాడినవారి పేరు, ఊరు, తేది తప్పక వ్రాయుడు.

తుదిమాట. తంజావూరి సరస్వతీ మహలు గ్రంథాలయమున మరాఠారాజుల కాలపు దస్తావేజులు మోడీలిపిలో కలవు. వానిలో మరాఠీ నేటికిని కోట్లమంది మాటలాడు భాష. అయినను ఆ లిపి చదువగలవారు నేడు కొలదిమంది. కాగితము నిలిచినంతమాత్రమున చాలదు, చదువువాడును నిలువవలయునని మనకు ఇరుగుపొరుగుననే యున్న పాఠమిది. మన యిండ్లలోని సంగతి దీనికి భిన్నము కాదు. తెలుగు మాటలాడగల పిల్లలు కలరు. తాతగారి ఉత్తరము చేతికిచ్చినచో చదువలేక త్రిప్పి త్రిప్పి చూచువారు వారిలో ఎందరో కలరు. ఉత్తరము చెడలేదు; విప్పి చదువు విద్య ఇంటినుండి తొలగినది. యంత్రమునకు ఆ విద్యను ఒక ఉచిత ప్రోగ్రాము అర్ధగడియలో నేర్పగలదు. బిడ్డకు నేర్పుటకు ఏండ్లు పట్టును. ఆ పనికే ఈ పాఠశాల యున్నది.

ముత్తవ్వ పాటలలోని మాటలను ఆ బాలిక ఇప్పుడు తెలుగు లిపిలో వ్రాయుచున్నది. తనకు తెలియని మాట వచ్చినచోట అమ్మమ్మను అడిగి పక్కన అర్థము వ్రాసికొనుచున్నది. వచ్చే సెలవులకు మరల పిల్లలను పంపుదుము. వారు ఫోను పట్టుకొని ఎదుట నిలిచినప్పుడు "నాకేమి తెలుసురా, పో" అనవలదని పెద్దలందరిని వేడుకొనుచు సెలవు గైకొనుచున్నాము.